తప్పు వెదకడం నేర్పిన గ్రేస్ హాపర్

కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రోగ్రాం రాసే మిత్రులందరికీ తెలిసిన సంగతే. కంపైలర్ ఎర్రర్ చూపితే దిద్దుతాం. వార్నింగ్ చూపితే మాత్రం ప్రోగ్రాం నడుస్తోంది కదా అని వదిలేస్తాం. ఆ కంపైలర్‌కు తొలి రూపం ఇచ్చినవారిలో ముఖ్యురాలు గ్రేస్ హాపర్. ఆమె జీవితం మనందరికీ ఆదర్శం.

గ్రేస్ 1906 డిసెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. అలారం ఎలా మోగుతుందో తెలుసుకోవాలని చిన్నతనంలోనే ఇంట్లోని ఏడు గడియారాలను విప్పేశారు. తల్లి అది చూసి, ఇకపై ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోమన్నారు. 16 ఏళ్ల వయసులో లాటిన్ పరీక్షలో మార్కులు చాలక వాసర్ కళాశాలలో సీటు రాలేదు. ఆమె నిరాశపడక మరుసటి ఏడాది అదే కళాశాలలో చేరి 1928లో డిగ్రీ, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేట్ పొందారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో నౌకాదళంలో చేరబోతే ఉండవలసిన బరువు కంటే సుమారు 7 కిలోలు తక్కువ ఉన్నారు. అయినా పట్టుబట్టి ప్రత్యేక అనుమతి సంపాదించారు. 1944లో హార్వర్డ్‌లోని మార్క్-1 కంప్యూటర్ వద్ద పనిలో చేరారు.

1947 సెప్టెంబర్ 9న అక్కడి మార్క్-2 యంత్రంలో లోపం వచ్చింది. వెదికితే ఒక రిలేలో రెక్కల పురుగు దొరికింది. లోపాన్ని బగ్ అనడం ఇంజనీర్లకు అప్పటికే అలవాటు. ఈసారి దొరికింది నిజమైన పురుగే! దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, సమయంతో సహా రాసిపెట్టారు. ఈ కథను హాపర్ తన ప్రసంగాలలో ఎన్నోసార్లు చెప్పేవారు.

ఆ రోజుల్లో ప్రోగ్రామర్లు పాత నోటుపుస్తకాల నుండి కోడ్ భాగాలను చేత్తో ఎత్తిరాసేవారు. ఎత్తిరాయడంలోనూ, చిరునామా అంకెలను కూడడంలోనూ తప్పులు దొర్లేవి. ఈ పనిని యంత్రానికే అప్పగిస్తే సరి అని హాపర్ ఆలోచించారు. 1952లో ఏ-0 కంపైలర్ తయారు చేశారు. కంప్యూటర్ లెక్కలు తప్ప మరేమీ చేయలేదని చాలామంది నమ్మేవారు. ఆమె ఆగలేదు. ఆమె కృషి ఫలితంగా వచ్చిన ఫ్లో-మాటిక్ భాష, 1959లో మొదలైన కోబాల్‌కు పునాది అయింది. 1967లో నౌకాదళం మళ్లీ పిలిచినప్పుడు, కోబాల్ కంపైలర్లు ప్రమాణం ప్రకారం ఉన్నాయో లేదో పరీక్షించే ప్రోగ్రాములు తయారు చేయించారు. ప్రోగ్రాంనే కాదు, కంపైలర్‌నూ పరీక్షకు నిలబెట్టారన్నమాట.

1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేశారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2016లో అమెరికా ప్రభుత్వం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌తో ఆమెను స్మరించుకుంది.

నేటి కంపైలర్ మన కోడ్‌ను చదివి, విలువ ఇవ్వకుండానే వాడిన వేరియబుల్‌ను కూడా పట్టి చూపుతుంది. ప్రింటర్, డిస్క్ వంటి పరికరాలను నడిపే డ్రైవర్ కోడ్‌లో అలాంటి చిన్న పొరపాటు మొత్తం కంప్యూటర్‌నే ఆపేయగలదు. వార్నింగ్ కనబడకుండా దాచేస్తే కోడ్ శుభ్రపడదు. కారణం వెదికి దిద్దితేనే శుభ్రపడుతుంది.

మిత్రులారా! పరీక్ష తప్పినా, ప్రోగ్రాం తప్పినా సిగ్గుపడవద్దు. తప్పు ఎక్కడుందో వెదకండి, రాసిపెట్టుకోండి, దిద్దుకోండి. హాపర్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.