పుస్తకాల మూట మోసిన మనిషి

సొంత డబ్బులతో కథల పుస్తకం వేసుకున్న ఏ ఇల్లాలింటికైనా వెళ్లి చూడండి. మంచం కిందో, అటక మీదో ఇంకా విప్పని కట్టలు కనిపిస్తాయి. బాన్సువాడలో మా ఇంట్లోనూ ఉన్నాయి. అమ్ముదామంటే మొహమాటం, ఊరికే పంచుదామంటే ప్రాణం ఒప్పదు. ఆ కట్టలు చూసినప్పుడల్లా నాకు వట్టికోట ఆళ్వారుస్వామి గుర్తొస్తారు.

ఆయన 1915లో నల్గొండ జిల్లాలో ఓ పేదింట్లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు, బడి చదువు సాగలేదు. ఒక పంతులుగారింట్లో వంట చేసిపెడుతూ, ఆయన దగ్గరే నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. అవునండీ, గరిటె పట్టిన చేత్తోనే పలక పట్టారు! తర్వాత విజయవాడలో హోటల్ సర్వరు. ఆ పైన హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు.

నిజాం రాజ్యంలో అప్పుడు బడి చదువు ఉర్దూలో. తెలుగు పుస్తకం చేతికి దొరకడమే కష్టం. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అలాంటి రోజుల్లో, 1938లో, ఆయన సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టారు.

అచ్చు వేయడం ఒక ఎత్తయితే అమ్మడం మరో ఎత్తు కదా! కొనేవాళ్లు వస్తారని ఆయన కూర్చోలేదు. పుస్తకాలు మూటగట్టి, తానే మోసుకుంటూ ఊరూరా, ఇంటింటికీ తిరిగారు. ఆంధ్ర మహాసభ జరిగినా, గ్రంథాలయ సభ జరిగినా, జనం నలుగురు చేరేచోటికి మూటతో వెళ్లేవారు. ఇందులో ఖర్చేముంది? కాళ్ల నొప్పులు తప్ప! అలా ముప్పైకి పైగా పుస్తకాలు జనంలోకి వెళ్లాయి.

1942 ఉద్యమంలో జైలుకెళ్లారు. 1946 తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి జైళ్లే. మా నిజామాబాదు ఖిల్లా జైల్లో దాశరథి కృష్ణమాచార్యగారు ఆయనకు తోడయ్యారు. కాగితం లేక దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాస్తే, జైలువాళ్లు చెరిపేసేవారట. చెరిపేలోగా ఆళ్వారుస్వామి కంఠస్థం చేసేవారని చెబుతారు. గోడ మీది పద్యానికీ పాఠకుణ్ణి సంపాదించిపెట్టారన్నమాట! దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు.

ఇతరుల పుస్తకాలు మోసిన ఆ మనిషి తానూ రాశారు. ‘ప్రజల మనిషి’ నవల, ‘జైలు లోపల’ కథలు ఆయనవే. ‘గంగు’ నవల మాత్రం పూర్తికాలేదు, ఆయన పోయాకే అచ్చయింది. 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. నిండా నలభై ఆరేళ్లు లేవు.

పక్కింటి వదినకు నా పుస్తకం చూపించడానికి సిగ్గుపడ్డ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మొన్న ఒక కట్ట విప్పాను. పది పుస్తకాలు గుడ్డసంచిలో సర్దాను. వీధి చివర మహిళా సంఘం మీటింగుకు అప్పుల పుస్తకంతో పాటు అవీ పట్టుకెళ్లాను. నాలుగు అమ్ముడయ్యాయి. ఒకామె మాత్రం డబ్బులు వచ్చే నెల ఇస్తానంది. ఇవ్వకపోయినా ఫర్లేదు, చదివితే చాలు!