ప్రాణం తీయని తుపాకి

ఎంపీసీనా, బైపీసీనా? మీ ఇంట్లో ఈ చర్చ నడుస్తుంటే ఎతియెన్ జూల్ మారే గురించి వినండి. ఆయన 1830లో ఫ్రాన్స్‌లోని బోన్‌లో పుట్టారు. ఆయనకు ఇంజనీరింగ్ మీద ఇష్టం, తండ్రికేమో కొడుకు డాక్టరు కావాలని. తండ్రి మాటే నెగ్గింది! మారే డాక్టరయ్యారు గానీ యంత్రాలను వదల్లేదు. నాడి కొట్టుకునే తీరును కాగితం మీద గీసే పరికరం తయారుచేశారు. తర్వాత మనసు పక్షుల మీదికి మళ్లింది. రెక్క కొట్టేటప్పుడు అది ఎలా వంపు తిరుగుతుందో కంటికి అందదు కదా. అందుకే 1882లో తుపాకి ఆకారంలో కెమెరా చేశారు. మీట నొక్కితే సెకనుకు 12 ఫొటోలు. పక్షికి ఏమీ కాదు. ఆపై ఒకే పలక మీద వరుస భంగిమలు పడేలా చేసి, పెలికాన్ నేలకు దిగే తీరునూ పట్టుకున్నారు. 1890లో పక్షుల ఎగురుడు మీదే పుస్తకం రాశారు. 1904లో కన్నుమూశారు.

పెలికాన్లు మన టెక్కలి దగ్గరి తేలినీలాపురానికీ వస్తాయి. ఈ శీతాకాలం పిల్లల్ని తీసుకెళ్లి, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి ఇవ్వండి. అది కుదిరాక, మన తాటిచెట్ల చుట్టూ రివ్వున తిరిగే స్విఫ్ట్ పిట్టల్ని తీయమనండి. వాటిని ఫ్రేములో పట్టడం పెద్దవాళ్లకే కష్టం.