విశ్వకిరణములను కనుగొన్న విక్టర్ హెస్

మూసిన పాత్రలో భద్రపరచిన విద్యుదావేశము కారణము కానరాకయే క్షీణించుచుండుట ఇరువదవ శతాబ్ది ఆరంభమున శాస్త్రజ్ఞులకు చిక్కుముడిగా నుండెను. దానిని విప్పిన విక్టర్ ఫ్రాంజ్ హెస్ 1883 జూన్ 24వ తేదీన ఆస్ట్రియాలోని స్టిరియా సీమలో జన్మించెను. తండ్రి ఒక రాజకుటుంబపు అడవులకు అధికారి. హెస్ గ్రాజ్ విశ్వవిద్యాలయమున 1906లో డాక్టరు పట్టమును పొంది, 1910లో వియన్నా రేడియము పరిశోధనాలయమున చేరెను.

భూమిలోని రేడియోధార్మిక పదార్థములే ఆ క్షీణతకు హేతువని నాటివారి విశ్వాసము. అట్లయినచో పైకి పోయినకొలది అది తగ్గవలెను. 1910లో థియొడోర్ వుల్ఫ్ పారిస్‌లోని ఐఫెల్ గోపురముపై కొలిచి చూడగా, అనుకొన్నంత తగ్గలేదు. అంతట హెస్ దళసరి గోడలుగల ఉపకరణములతో తానే బెలూను నెక్కెను. 1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణ సమయమునను కిరణములు తగ్గకుండుట చూచి, సూర్యుడు వానికి ముఖ్యమూలము కాడని గ్రహించెను. ఆగస్టు 7న బొహీమియాలోని ఔసిగ్ ప్రాంతమునుండి హైడ్రోజను బెలూనులో లేచి, గాలి పలుచనైన 5,350 మీటర్ల ఎత్తున కొలతలు తీసెను. మొదట కొంచెము తగ్గిన అయానీకరణము పైకి పోయినకొలది హెచ్చెను. కిరణములు భూమినుండి కాక అంతరిక్షమునుండియే వచ్చుచున్నవని తేలెను. మొదట సందేహించిన మిల్లికన్ పండితుడే 1925లో దీనిని ధ్రువపరచి, విశ్వకిరణములను పేరిడెను.

1936లో హెస్‌కు కార్ల్ ఆండర్సన్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించెను. రేడియముతో పనిచేయుటవలన అంతకు మునుపే ఆయన ఒక బొటనవ్రేలిని కోల్పోయియుండెను. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమింపగా, ఆయన పదవి పోయెను. భార్య యూదు సంతతికి చెందినది. దంపతులు దేశమును విడిచి అమెరికా చేరిరి. న్యూయార్కులోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1964 డిసెంబరు 17న హెస్ కీర్తిశేషుడయ్యెను.

ఆయన తెరచిన మార్గము అంతటితో ఆగలేదు. ఈ కిరణములలో అధికభాగము పరమాణు కేంద్రకములని తరువాత తెలిసెను. నక్షత్రములలో మిక్కిలి అరుదైన లిథియము, బెరీలియము, బోరాను వీనిలో సమృద్ధిగా నున్నవి. కార్బను, ఆక్సిజను కేంద్రకములు నక్షత్రముల నడుమనున్న వాయువును తాకి పగులుటచేత అవి పుట్టుచున్నవి. వానిలో బెరీలియము-10 అను ఐసోటోపు సుమారు 14 లక్షల సంవత్సరములకు సగము నశించును. కావున అది గడియారము వంటిది. తక్కువ శక్తిగల కణములు ఉపకరణములోనే ఆగిపోవును గనుక, పలుచని సిలికాను పొరలో అవి కోల్పోవు శక్తిని, మొత్తము శక్తిని కొలిచి ద్రవ్యరాశిని గణింతురు. ఉపగ్రహములు పంపిన ఇట్టి కొలతలనుండి షికాగో శాస్త్రజ్ఞులు 1977లో ఈ కిరణముల ప్రయాణకాలము సుమారు 1 కోటి 70 లక్షల సంవత్సరములని అంచనా కట్టిరి.

లెక్కకు కుదరని ఒక స్వల్పనష్టమును ఉపేక్షింపక, దాని జాడవెంట ఆకాశమున కెగయుటయే హెస్ జీవితమునందలి ఘనత.