ఆవుకి అక్కర్లేని మాత్ర – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

వారానికి ఒకసారి మనకి నీలం రంగు మాత్ర ఇస్తారు కదా. అందులో ఇనుముతోపాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది మింగితే కడుపులో తిప్పుతుందని కొందరు బుగ్గలో దాచి కిటికీ అవతల ఊసేస్తున్నారు. పేర్లు రాయను. ఆ ఫోలిక్ యాసిడ్‌ని మందుగా తయారు చేయించిన ఆయన గోదావరి జిల్లా మనిషే. ఆయన గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మన రామచంద్రపురం నుంచి గోదావరి దాటి పడమటికి పోతే ఆ ఊరు వస్తుంది. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో డబ్బు లేదు. 13 ఏళ్ళప్పుడు ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుందామని బయలుదేరారు. అమ్మ వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో పెట్టింది. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. (మొన్న లెక్కల్లో ఫెయిలైన వాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.)

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి మాట విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదికి కూడా ఖద్దరుతోనే వెళ్ళారు. ఇంగ్లీషు ప్రొఫెసరుకి కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఇది పేగుల జబ్బు. మన చిన్నపేగు లోపల గోడకి సన్నని నూగులాంటివి ఉంటాయి. తిన్నదాంట్లో సారం అవే పీల్చుకుంటాయి. స్ప్రూ వస్తే అవి అరిగిపోతాయి. ఎంత తిన్నా విరేచనంలో పోతుంది, మనిషి ఎండిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. అన్నం ఉన్నా ఆకలితో చచ్చిపోవడం అన్నమాట.

తర్వాత మామగారి సాయంతో ఓడెక్కి అమెరికా వెళ్ళారు. అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్ళేలు ఎత్తి కడిగే పని చేశారు. పగలు హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కే అనే ఆయనతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకి శక్తినిచ్చే పదార్థాల మీద కూడా వాళ్ళు పనిచేశారు. అయినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళి, పరిశోధనలు నడిపించారు.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. మా ఊళ్ళో ఆవు గడ్డి తప్ప ఏమీ తినదు. దానికి ఈ మాత్ర ఎవరూ ఇవ్వరు. మరి దానికి రక్తం ఎలా పడుతుంది? సైన్సు సార్ని అడిగి తెలుసుకున్నాను. ఆవుకి, మేకకి మొదట ఒక పెద్ద కడుపు ఉంటుంది. అందులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. ఫోలిక్ యాసిడ్ లాంటి విటమిన్లు అవే తయారు చేస్తాయి. ఆ కడుపు పేగుకంటే ముందు ఉంది కాబట్టి, తయారైనదంతా తర్వాత పేగు పీల్చుకుంటుంది. అంటే దాని మాత్రలు దాని కడుపులోనే ఉన్నాయి!

కుందేలుకి ఆ పులియబెట్టే సంచి చిన్నపేగు అయిపోయాక ఉంటుంది. విటమిన్లు తయారవుతాయిగానీ పీల్చుకునే చోటు దాటిపోయింది. అందుకని అది మెత్తటి పెంటికలు వేసి, అవి నేల మీద పడకుండానే మళ్ళీ తింటుంది. నవ్వకండి, దానికి అదే బలం. కుక్కకి ఇలాంటి పెద్ద ఏర్పాటు లేదు, కానీ అన్నం, గంజి అరిగించుకోగలదు. పిల్లికి మాంసం ఉండాల్సిందే, కుక్క తిండి పెట్టి పెంచితే దెబ్బతింటుంది. కోడికి పళ్ళు లేవు, కందనకాయలో రాళ్ళతో గింజలు నూరుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ లేని మేత పెడితే కోడిపిల్లలకి రక్తం తగ్గుతుంది, ఈకలు సరిగ్గా రావు.

మన సంగతి? మన సూక్ష్మజీవులు కూడా ఎక్కువ పెద్దపేగులోనే ఉంటాయి. కుందేలులా మళ్ళీ తినలేము కదా! కాబట్టి మనకి తిండిలోనే రావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో, కాలేయంలో ఉంటుంది. ఆకుకూర ఎక్కువసేపు ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తే చాలావరకు పోతుంది. ఈ మాట వార్డెన్ మేడమ్ గారు దయచేసి వంట అక్కలకి చెప్పాలి.

సుబ్బారావు గారి బృందం కాలేయంలోంచి ఈ పదార్థం తీసింది. దొరికింది చిటికెడే. అందుకని ప్రయోగశాలలోనే తయారు చేయాలని పట్టుబట్టి 1945లో సాధించారు. క్యూబాలో స్ప్రూ రోగులకి ఇస్తే రక్తం పట్టింది. ఆయన దగ్గర పనిచేసే డగ్గర్ గారు కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది. అది టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. ఇప్పుడు కూడా ఆ స్ప్రూకి డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. మన గిరిజనుల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి కూడా ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, ఎందుకంటే వాళ్ళ రక్తకణాలు తొందరగా పగిలిపోతాయి, కొత్తవి పుట్టాలి.

బోదకాలు మందు హెట్రజాన్ కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. తర్వాత కుక్కల గుండెలో పురుగులు పడకుండా కూడా అదే వాడారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలో చనిపోయారు. అమెరికా వెళ్ళాక ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. అక్కడి పౌరుడూ కాలేదు. వెళ్ళేటప్పుడు భార్య శేషగిరి గారు గర్భవతి. బాబు పుట్టి పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనేలేదు. ఇక్కడ మాత్రం నాకు ఆయన మీద కోపం వచ్చింది. మనం హాస్టల్లో ఉన్నా దసరాకి, సంక్రాంతికి ఇంటికి పోతాం. శేషగిరి గారు పాతికేళ్ళు ఎదురు చూశారు. 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. ఆమె బొమ్మ నాకు ఎక్కడా కనిపించలేదు.