ఇరువురు సోమనాథులు – ఒక్క బసవపురాణము

మన మఠములలో బసవపురాణ శ్రవణము జరుగునపుడు కవి సోమనాథుడని చెప్పి ఊరకుందురు. ఏ సోమనాథుడని అడుగువారు అరుదు. తరగతిలో ఈ ప్రశ్న వేసినచో విద్యార్థులు పాల్కురికివాని గ్రంథమును పిడుపర్తివానికిని, పిడుపర్తివాని పద్యములను పాల్కురికివానికిని అంటగట్టుదురు. ఉత్తర హరివంశము చెప్పిన నాచన సోమనను గూడ ఈ పంక్తిలోనే కూర్చుండబెట్టుదురు. ఆతనితో మనకిప్పుడు పనిలేదు.

పాల్కురికి సోమనాథుడు ఓరుగంటి సీమలోని పాలకుర్తివాడు. వేదశాస్త్రములు ఎరిగినవాడు. తెలుగు, కన్నడ, సంస్కృతములు మూటియందును రచన చేసినవాడు. అట్టి పండితుడు కోరి వృత్తములను ప్రక్కకు నెట్టి, సామాన్య భక్తులు కూడి పాడుకొనదగిన ద్విపదను చేపట్టెను. గొబ్బూరి సంగనామాత్యుని ప్రేరణమున ఏడాశ్వాసముల బసవపురాణము వెలసెను. అందు బసవేశ్వరుని చరిత్రతోపాటు మడివాలు మాచయ్య, కిన్నర బ్రహ్మయ్య, బెజ్జ మహాదేవి, పాలు తెచ్చిన పసిబిడ్డ గొడగూచి, వీరందరి కథలును కలవు. చాకలివాని కథయు మంత్రి కథయు ఒక్క ఛందములో, ఒక్క గౌరవముతో నడచుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు. పిమ్మట వ్రాసిన పండితారాధ్య చరిత్ర అయిదు ప్రకరణముల గ్రంథము. శ్రీశైల యాత్రికుల పాటలు, తుమ్మెద పదములు, ఆటలు, వేషములు ఎట్టివో తెలియగోరువారు అందలి పర్వత ప్రకరణము చదువవలెను.

యతి స్థానమున ప్రాసయతిని ఆతడు స్వేచ్ఛగా వాడెను. ఆ స్వేచ్ఛయే నిందకు కారణమయ్యెను. ప్రతాపరుద్రుడు ఓరుగంటి స్వయంభూ దేవాలయమునకు వచ్చినపుడు మండపములో భక్తులు బసవపురాణము వినుచుండిరట. అదేమని రాజు అడుగగా, ప్రక్కనున్న విప్రుడొకడు అది పాల్కురికివాడు నిన్న మొన్న ప్రాసయతులతో అల్లిన ద్విపద యనియు, ప్రమాణము కాదనియు చెప్పెనట. రాజు ఆగక వెడలిపోయెను.

ఇచ్చటను పేరు చిక్కే. 1158 నుండి 1195 వరకు ఏలిన కాకతి రుద్రదేవునికిని ప్రతాపరుద్రుడను పేరు కలదు. 1289 నుండి 1323 వరకు ఏలినవాడును ప్రతాపరుద్రుడే. కావున సోమనాథుని కాలమును కొందరు 12వ శతాబ్దికి జరుపగా, కొందరు 13వ శతాబ్ది చివరకు, 14వ శతాబ్ది మొదటికి దింపిరి. ఒక్క నామసామ్యము నూరేండ్ల వివాదమును తెచ్చిపెట్టినది!

ఇంతకును ఈ దేవాలయ వృత్తాంతము మనకెవరి వలన తెలిసినది? రెండవ సోమనాథుని వలన. పిడుపర్తి సోమనాథుడు శివకవుల వంశమున పుట్టి, సుమారు 16వ శతాబ్దిలో అదే బసవపురాణమును పద్యకావ్యముగా మరల రచించి, పీఠికలో ఈ కథ చెప్పెను. ద్విపదకు జరిగిన అవమానమును నమోదు చేసినవాడే ద్విపదను విడిచి పద్యమునకు మరలుట విచిత్రముగా తోచును. దీనిని నేను దోషముగా ఎంచను. పద్యము తప్ప కావ్యము కాదను పండితుల ఇంటికి బసవని కథను చేర్చవలెనన్న వేరొక దారి లేకుండెను. అంతకుముందే కన్నడమున భీమకవి 1369లో పాల్కురికివాని గ్రంథమును షట్పదులలోనికి మార్చుకొనలేదా? అయినను గొడగూచి పాలగిన్నెతో ఏడ్చు ఘట్టము నాకు ద్విపదలోనే గొంతుకు అడ్డుపడును.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926లో పాల్కురికివాని మూలమును విపుల పీఠికతో ప్రకటించిరి. మీ ఇంటనున్న ప్రతి ఎవరిదో తెలియుటకు పీఠిక కూడ అక్కరలేదు. ఏ పుటనైన తెరచి, రెండేసి పాదములుగా సాగుచున్నదో, కందములు సీసములు మధ్య వచనములతో నడచుచున్నదో చూచిన చాలును.