ధ్యానఫలము - వివేకానందస్వామి చరిత్రము

ధ్యానము చేయువానికి రోగము రాదనియు, వచ్చినను వెంటనే తొలగిపోవుననియు కొందరు తలంతురు. ధ్యానమువలన అద్భుతశక్తులు లభించునని మరికొందరు ఆశింతురు. ఈ ఆశలు తీరనప్పుడు ధ్యానమే వ్యర్థమని విడిచిపెట్టువారును కలరు. ధ్యానము మనస్సునకును శరీరమునకును చేయు మేలు ఏది, చేయనిది ఏది అను విషయమును గ్రహించుటకు స్వామి వివేకానందుల జీవితము చక్కని నిదర్శనము. ఆ జీవితమందలి ఒక విచిత్ర ఘట్టము మన హైదరాబాదు నగరముననే జరిగినది.

స్వామివారి పూర్వనామము నరేంద్రనాథ దత్తు. 1863వ సంవత్సరము జనవరి 12వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి విశ్వనాథ దత్తు పేరుపొందిన న్యాయవాది. తల్లి భువనేశ్వరీదేవి పరమ శివభక్తురాలు. కాశీక్షేత్రమందలి వీరేశ్వరుని ప్రార్థించి కనిన బిడ్డడగుటచే ఆమె ఆ బాలునకు మొదట వీరేశ్వరుడని పేరిడెను. ఈడుపిల్లలతో కలిసి కన్నులు మూసికొని ధ్యానమున కూర్చుండుట నరేంద్రునకు చిన్ననాటి ఆట. ఒకనాడట్లు కూర్చున్నవేళ నాగుపాము రాగా, తక్కిన పిల్లలు పరుగెత్తిరనియు, నరేంద్రుడు మాత్రము కదలలేదనియు ఆయన చరిత్రకారులు వ్రాసిరి. అట్లని అతడు శరీరమును నిర్లక్ష్యము చేసినవాడు కాడు. కుస్తీ, కర్రసాము, ఈత మొదలగు వ్యాయామములయందు ఆరితేరెను.

1884వ సంవత్సరమున తండ్రి ఆకస్మికముగా మరణించెను. అప్పులవారు చుట్టుముట్టిరి. ఆస్తి వ్యాజ్యములు తలయెత్తెను. ఇంట తల్లికిని తమ్ములకును తిండి చాలదని యెరిగి, తాను బయట భుజించితినని చెప్పి పస్తులుండిన దినములు పెక్కులు. ఆ కాలముననే దక్షిణేశ్వరమందలి శ్రీరామకృష్ణ పరమహంసుల సన్నిధి అతనికి ఆధారమయ్యెను. ఒకమారు గురువు, తనకు సాధనవలన లభించిన సిద్ధులను శిష్యునకిత్తునని పలికెను. అవి భగవత్సాక్షాత్కారమునకు తోడ్పడునా యని నరేంద్రుడు ప్రశ్నించెను. తోడ్పడవని తెలిసికొని, అవి తనకు వలదనెను. దరిద్రమున మునిగియున్న యువకుడు చేతికందిన శక్తులను నిరాకరించుట సామాన్య విషయము కాదు.

1886వ సంవత్సరమున పరమహంసులు కంఠమున పుట్టిన పుట్టవ్రణముతో కాశీపురము తోటయింట ఉండిరి. శిష్యులు పగలు సేవయును, రాత్రి ధ్యానమును సలుపుచుండిరి. ఒకరాత్రి చెట్టుక్రింద నరేంద్రుడు ధ్యానమగ్నుడైయుండగా, దోమలు కంబళివలె అతని దేహమును కప్పివేసినను అతనికి తెలియలేదట. నిర్వికల్పసమాధియందే ఎల్లప్పుడును ఉండవలెనని అతడు కోరగా గురువు మందలించెను. మఱ్ఱిచెట్టువలె పలువురకు నీడనీయవలసినవాడు తన ఆనందమునే చూచుకొనుట తగదని ఆయన భావము. ఆ సంవత్సరము ఆగష్టు 16వ తేదీన పరమహంసులు దేహము చాలించిరి. అంతటి సమాధినిష్ఠునకును శరీరబాధ తప్పలేదు; కాని ఆ బాధ ఆయన ఆనందమును తాకలేదు. ఈ రెంటిని శిష్యుడు కన్నులార చూచెను.

సన్న్యసించిన పిదప స్వామివారు దేశమంతయు సంచరించి, 1892 డిసెంబరున కన్యాకుమారి చేరి, సముద్రమధ్యమందలి శిలపై ధ్యానము సలిపిరి. ఆ ధ్యానమున వారి మనస్సున నిలిచినది తమ ముక్తి కాదు, దేశమందలి దరిద్రుల దుఃఖము. అచ్చటినుండి మద్రాసు వెళ్లి, 1893 ఫిబ్రవరి 10వ తేదీన హైదరాబాదు చేరిరి. స్టేషనున సుమారు 500 మంది పురప్రముఖులును ప్రజలును స్వాగతమిచ్చిరి. నిజాము ప్రభుత్వమున ఇంజనీరుగానున్న మధుసూదన చటర్జీ గృహమున బస చేసిరి. మరునాడు గోలకొండ దుర్గమును చూచిరి. 12వ తేదీన నిజామునకు బంధువైన నవాబు సర్ ఖుర్షీద్ జా బహదూరు ఆహ్వానముపై ఆయన భవనమునకేగి, రెండు గంటలకు పైగా మతవిషయములను చర్చించిరి. చార్మినారుకు చేరువ హుస్సేనీ ఆలమునందలి ఖుర్షీద్ జా దేవిడీ పాతనగర వాసులెరిగినదే. పాశ్చాత్యదేశ యాత్రకై నవాబు వేయి రూపాయలు ఈయబోగా, సమయము వచ్చినప్పుడు అడుగుదునని స్వామివారు స్వీకరింపరైరి. 13వ తేదీన సికింద్రాబాదు మహబూబు కళాశాలయందు తమ పాశ్చాత్యయాత్రా లక్ష్యమునుగూర్చి ఉపన్యసించిరి. వేయిమందికి పైగా వినిరి. పాతనగరమందలి సాలార్‌జంగు భవనమును కూడ దర్శించి, 17వ తేదీన సెలవుగైకొనిరి.

ఆ దినములలోనే మనము చెప్పదలచిన ఘట్టము జరిగినది. కోరిన వస్తువులను ఎచ్చటినుండియో రప్పింపగల ఒక బ్రాహ్మణుడు హైదరాబాదున ఉండెను. వర్తకము చేసికొను గౌరవనీయుడైన గృహస్థుడు. స్వామివారు ఆ విద్యను చూడగోరిరి. కాని అప్పుడతడు జ్వరముతో బాధపడుచుండెను. సాధువు తలపై చేయిడిన జ్వరము పోవునని నమ్మి, ముందుగా తన శిరస్సుపై చేయి ఉంచుమని అతడే స్వామివారిని వేడుకొనెను. వారట్లే చేసిరి. తరువాత అతడు వచ్చి గోచి మాత్రము ధరించి, స్వామివారిచ్చిన కంబళి కప్పుకొని ఒక మూల కూర్చుండెను. ఇరువదియైదుగురు చూచుచుండగా, వారు కాగితములపై వ్రాసియిచ్చిన ద్రాక్షలు, నారింజలు మొదలగు పండ్లను ఆ కంబళి క్రిందినుండి కుప్పలుగా తీసెను. చివరకు మంచుబిందువులు చెదరని గులాబీలను తీసెను. ఇది యెట్లని అడుగగా, అంతయు హస్తలాఘవమేయనెను. 1900 జనవరిలో అమెరికాయందలి లాస్ ఏంజిలిసు నగరమున మనశ్శక్తులనుగూర్చి ఉపన్యసించునప్పుడు స్వామివారు దీనిని ప్రస్తావించి, వట్టి హస్తలాఘవమని తమకు తోచలేదనిరి.

దీనియందు ఆలోచింపదగిన విషయమొకటి కలదు. పండ్లను కుప్పలుగా రప్పించినవానికి తన జ్వరమును పోగొట్టుకొను శక్తి లేకపోయెను. శక్తి వేరు, శాంతి వేరు. గురువు ఇయ్యజూపిన సిద్ధులను స్వామివారు ఏల నిరాకరించిరో ఈ వృత్తాంతమువలన మనకు తేటపడును.

అమెరికా చేరిన స్వామివారికి చికాగో నగరమున దిక్కుతోచక, ఒకరాత్రి రైల్వే యార్డునందలి ఖాళీ పెట్టెలో పరుండవలసివచ్చెను. 1893 సెప్టెంబరు 11వ తేదీన సర్వమత మహాసభయందు గుండె దడదడలాడి నాలుక ఎండిపోయినదని వారే ఒక లేఖలో వ్రాసికొనిరి. ధ్యానసిద్ధునకును భయము కలిగెను. కాని సరస్వతిని మనసున తలచి లేచి మాటలాడినంతనే సభ ముగ్ధమయ్యెను. భయము రాకుండుట కాదు, వచ్చినప్పుడు మనస్సును కూడదీసికొనగలుగుటయే ధ్యానఫలము.

1896వ సంవత్సరమున వెలువడిన వారి రాజయోగ గ్రంథమందలి బోధ మిక్కిలి సరళమైనది. వెన్ను, మెడ, శిరస్సు నిటారుగా నిలుపవలెను. ఉషఃకాలమునను సంధ్యాకాలమునను నియమముగా కూర్చుండవలెను. మితముగా భుజింపవలెను. శరీరమును పస్తులతో హింసింపరాదు. పతంజలి మహర్షి చెప్పిన యోగవిఘ్నములలో మొదటిది వ్యాధియే గనుక, ఆరోగ్యమును కాపాడుకొనుటయు సాధనలోని భాగమే.

అయినను స్వామివారి శరీరమును మధుమేహము, ఉబ్బసము పీడించెను. 1898 ఆగష్టు 2వ తేదీన కౌపీనధారులై అమరనాథ గుహయందు మంచులింగమును దర్శించి శివానుభూతిలో మునిగిరి. ఆ యాత్రవలన వారి గుండె దెబ్బతిన్నదని వైద్యుడు చెప్పెను. మధుమేహమునకు ఇన్సులిను చికిత్స 1922లో గాని మొదలుకాలేదు. వారి కాలమున సరియైన మందు లేదు. అట్టి శరీరముతోనే 1897 మే 1వ తేదీన రామకృష్ణ మిషనును స్థాపించిరి, బేలూరు మఠమును నెలకొల్పిరి. 1902 జూలై 4వ తేదీ ఉదయము మూడు గంటలు ధ్యానము సలిపిరి, మధ్యాహ్నము బ్రహ్మచారులకు సంస్కృత వ్యాకరణము బోధించిరి, సాయంకాలము వ్యాహ్యాళికేగిరి, రాత్రి తొమ్మిది గంటలు దాటినపిదప తమ గదిలో శాంతముగా దేహము విడిచిరి. అప్పటికి వారి వయస్సు 39 సంవత్సరములు.

ప్రశాంతముగా ధ్యానమున కూర్చున్నవానికి శ్వాస నెమ్మదించుననియు, గుండె వేగము తగ్గుననియు 1970వ దశకమున హార్వర్డు వైద్యుడు హెర్బర్టు బెన్సను మొదలగువారు పరీక్షించి చెప్పిరి. రక్తపు పోటు కొంత తగ్గుటకును, నిద్రకును ఇది సహాయము. అంతమాత్రమున ఔషధము మానరాదు. నేడు మందులు కలవు. వానిని విడిచి ధ్యానమునే నమ్ముట భక్తి కాదు, అవివేకము.

ఇష్టలింగమును కరస్థలమున నిలిపి దృష్టిని, శ్వాసను, మనస్సును ఒక్కచోట చేర్చు మన నిత్యపూజయు ధ్యానమే. దానికి ఫలముగా అద్భుతములను గాని, రోగము లేని శరీరమును గాని కోరరాదు. ఏ శరీరము లభించినను, ఎన్నాళ్లు నిలిచినను, దానిని కలత లేని మనస్సుతో కాయకమునందును దాసోహమునందును వినియోగింపగల బలమును కోరవలెను. స్వామివారి ముప్పదితొమ్మిది సంవత్సరముల జీవితము ఆ బలమునకు సాక్ష్యము.