పిడికెడు బియ్యంతో సంఘాన్ని నిలబెట్టిన బిషప్ అజరయ్య

ఆటోనగర్: కోతలు పూర్తయి కుప్పలు నూర్చాక డెల్టా గ్రామాల్లోని సి.ఎస్.ఐ. గుళ్ళలో కోత పండుగ వస్తుంది. ఇక్కడ లారీలకు బాడీలు కట్టే షెడ్లలో, వెల్డింగు దుకాణాల్లో పనిచేసే కుర్రవాళ్ళు మేస్త్రీని బతిమాలి ఆ ఆదివారానికి ఊరు వెళ్తారు. గుడి ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు పేరుస్తారు. ఆరాధన కాగానే వేలం పాట మొదలవుతుంది. బజారులో ఎవరూ బేరమాడని గుమ్మడికాయ అక్కడ పదింతల ధర పలుకుతుంది. పాడుకొన్నవాడే దానిని తిరిగి గుడికిచ్చి మళ్ళీ పాట పెట్టించడమూ కద్దు.

ఇలాంటి అలవాట్లు కొన్ని అంతకు ముందే ఉన్నా, వాటి మీదనే సంఘం నిలబడాలని పట్టుబట్టినవారు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. హిందూదేశంలో ఆంగ్లికన్ సంఘానికి బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మన విజయవాడలో ఆయన పేరున బాలికల హైస్కూలు ఉన్నది. ఆ పేరు తెలిసినంతగా ఆయన చరిత్ర మన గ్రామాల్లో తెలియదు.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ పల్లె గుడికి గురువు. తండ్రి చిన్నతనంలోనే పోగా తల్లి పెంపకంలో పెరిగి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. జబ్బు చేయడంతో చివరి పరీక్షకు కూర్చోలేదు. అందుచేత బి.ఎ. పట్టా రాలేదు. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష తప్పామని దిగులుపడే పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి గమనించవచ్చు.

1895 నుంచి సుమారు పద్నాలుగేళ్ళు వై.ఎం.సి.ఎ.లో పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. దొరల డబ్బుతో, దొరల పెత్తనంతో నడిచే సంఘం ఎన్నాళ్ళకూ పరాయిదిగానే ఉంటుందని ఆయనకు ఆ రోజుల్లోనే తోచింది. 1903లో తిరునెల్వేలిలో స్వదేశీయుల చందాలతోనే నడిచే మిషనరీ సంఘాన్ని మిత్రులతో కలిసి స్థాపించారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతానికి తమిళ బోధకులను పంపింది. 1909లో ఆయన మంచి ఉద్యోగం వదులుకొని, గురువుగా అభిషేకం పొంది, తానే అక్కడికి వచ్చారు. మొదట్లో నివాసం గుడారంలో. ముప్ఫై అయిదేళ్ళ వయస్సులో తెలుగు నేర్చుకొని తెలుగులోనే ప్రసంగాలు చేశారు.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య, ఎదురుగా దొరలంతా కూర్చుని ఉండగా, మీరు మా దేశానికి ఎన్నో త్యాగాలు చేశారు, కాని మాతో సమానంగా కూర్చునే స్నేహం మాత్రం ఇవ్వలేదు అనే అర్థం వచ్చేట్లు మాట్లాడారు. సభలో కొందరికి అది రుచించలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథెడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు. అది అంత సులువుగా జరిగిన పని కాదు. నల్లవాని చేతి కింద తెల్ల గురువులు ఎలా పనిచేస్తారని తెల్లవారిలో కొందరు అభ్యంతరం చెప్పారు. కులం పట్టింపు వదలని దేశీయ క్రైస్తవులలోనూ వ్యతిరేకులు లేకపోలేదు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గట్టిగా వెనక నిలబడ్డారు గనుక జరిగింది.

కృష్ణా తీరాన

మొదట ఆయన కిందికి వచ్చినది దోర్నకల్ చుట్టుపక్కల చిన్న ప్రాంతమే. కృష్ణా జిల్లా సంఘాలు అంతకంటే పాతవి. ఆటోనగర్ పక్కగా పోయే బందరు రోడ్డు చివర, మచిలీపట్నంలో, 1841లోనే రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు దిగారు. నోబుల్ గారి బడి ఎక్కువగా పై కులాల పిల్లల కోసం నడిచింది. పల్లెల్లో పేదలు సంఘంలో చేరడం మొదలైంది 1859లో. ఆ సంవత్సరం రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య దేవుని కోసం వెదకుతూ వచ్చి, బెజవాడలో డార్లింగ్ దొరను కలుసుకొని, బాప్తిస్మం పొందారు. ఆయన వెనుక పల్లెలకు పల్లెలే వచ్చాయి.

1920 ప్రాంతంలో ఈ కృష్ణా సంఘాలన్నీ అజరయ్య గారి అధికారం కిందికి వచ్చాయి. ఇక్కడి ఇంగ్లీషు మిషనరీలలో కొందరు మొదట వెనకాడినా, తరువాత ఆయన కిందనే పనిచేశారు.

అజరయ్య గారి సంఘస్తులలో నూటికి తొంభై మంది కూలీనాలీ చేసుకొనేవారే. కూలి గింజల రూపంలో వచ్చే రోజులవి. తినడానికే లేనివాళ్ళ దగ్గర కానుక ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ విలేఖరికీ మొదట అలాగే అనిపించింది. ఆయన ఆలోచన వేరు. ఇవ్వలేనివాడని పేదవాణ్ణి పక్కన పెడితే వాడు ఎప్పటికీ ముష్టివాడిగానే మిగులుతాడని ఆయన అభిప్రాయం. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరుతుంది. కోత పండుగకు పంటలో భాగం చేరుతుంది. వీటితోనే పల్లె గురువుల జీతాలు గడవాలని, గుళ్ళు లేవాలని ఆయన పట్టుదల. క్రైస్తవులు ఇవ్వవలసిన కానుకల గురించి ఆయన రాసిన పుస్తకం చాలా భాషల్లోకి వెళ్ళింది.

పల్లెలో ఒక బోధకుడు, ఆయన భార్య ఉండేవారు. పగలు పిల్లలకు బడి. పొలం నుంచి జనం తిరిగివచ్చాక సాయంత్రం గంట కొట్టి ప్రార్థన. చదువు రానివారికి పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన నోటికి నేర్పేవారు. భజనలు, కోలాటాలు, మన రాగాల్లో కట్టిన కీర్తనలు గుడిలోకి రావాలని బిషప్ గారు ప్రోత్సహించారు. గురువుల శిక్షణ దోర్నకల్‌లో తెలుగులోనే జరిగేది. ఇంగ్లీషు రాని పల్లె బిడ్డ సయితం గురువు కాగలిగాడు.

ఆయన ఎద్దుబండి మీద పల్లెలు తిరిగేవారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారిని తమ చేతులు తమ తలల మీదనే పెట్టుకోమని, ఈ సువార్త పక్కవాడికి చెప్పకపోతే నాకు శ్రమ అని వారి చేతనే పలికించేవారు. ఏటా ఒక వారం పాటు సంఘస్తులంతా పాటలు పాడుతూ పక్క ఊళ్ళకు వెళ్ళే ఏర్పాటు చేశారు. తాగుడు, అప్పులు, అపరిశుభ్రత మీద ఆయన గట్టిగా మాట్లాడేవారు. పేదల నడవడిలో మార్పు చూసి వ్యవసాయ కులాలవారు కూడా కొందరు సంఘంలో చేరారు. 1940 నాటికి డయోసీసులో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

గుడిలో కులానికొక చోటు ఉండరాదన్నది ఆయన నియమం. అది ఎంతవరకు నెరవేరిందంటే చెప్పడం కష్టం. ఒకే పాత్రలోని ద్రాక్షారసం పుచ్చుకున్నవారే పెళ్ళి సంబంధం దగ్గర కులం అడగడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం.

గాంధీజీతో భేదం

1930ల్లో గాంధీజీకీ అజరయ్య గారికీ అభిప్రాయ భేదం వచ్చింది. హరిజనులు తెలియక, ఏదో ఆశతో మతం మారుతున్నారని గాంధీజీ భావించారు. పేదవాడికి కూడా తన మంచిచెడ్డలు తానే నిర్ణయించుకునే తెలివి ఉన్నదని అజరయ్య గారి వాదన. విచిత్రమేమంటే, 1932లో ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నవారిలో ఆయన ముఖ్యులు. సంఘం ఓట్ల గుంపుగా మారిపోతుందని ఆయన భయం. తరువాత 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బి.సి.-సి.లో చేర్చారు. ఆ లోటు నేటికీ పల్లెల్లో చర్చకు వస్తుంది.

దోర్నకల్ కథెడ్రల్ నిర్మాణం ఏళ్ళ తరబడి సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండు గుళ్ళ నమూనా ఆయన కోరలేదు. గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాలు దేవాలయాన్ని గుర్తుకు తెస్తాయి. స్తంభాల మీద తామరపువ్వు, శిలువ చెక్కి ఉంటాయి.

వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నాటి నుంచి ఆయన పాటుపడ్డారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానిని చూడడానికి ఆయన లేరు. 1945 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజున, దోర్నకల్‌లో కన్నుమూశారు.

విజయవాడ నుంచి కాజీపేట వైపు రైలెక్కితే ఖమ్మం దాటాక వచ్చే జంక్షనే దోర్నకల్. కథెడ్రల్ ఆవరణలో ఆయన సమాధి ఉన్నది.